సివిల్ కోర్టు సమన్లు ఇంటి తలుపుకు అంటించి పోయారు, ఇప్పుడేం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీ ఊరు తాడిపత్రి దగ్గర, మీరు బెంగళూరులో ఉద్యోగం. మీ నాయన నాపబండల ఫ్యాక్టరీలో పనిచేస్తూ 1998లో కొన్న 4 ఎకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. ఆయన పోయి రెండేళ్లయింది. ఇప్పుడు మీ పెద్దనాయన కొడుకు ఆ తోటలో సగం తనదేనంటూ మీ అమ్మ మీదా, మీ మీదా భాగపంపకాల దావా వేశాడు. కోర్టు మనిషి కాగితాలు తెస్తే అమ్మ భయపడి తీసుకోలేదు, ఆయన తలుపుకు అంటించి పోయాడు. ఊళ్లో వాళ్లేమో 'మూడు వాయిదాలు పోకపోయినా ఏం కాదులే' అంటున్నారు. పోలీసులు వస్తారా, ఉద్యోగానికి ఇబ్బంది ఉంటుందా, ఓఎస్ అంటే ఏంది, ఐఏ అంటే ఏంది, మొదట ఏం చేయాలి?

నేను అనంతపురం జిల్లా కోర్టుల్లో ఫైలింగ్ కౌంటర్లోనూ, సమన్లు పంపే నాజర్ సెక్షన్లోనూ పనిచేసి రిటైరైనవాణ్ణి. వకీలును కాదు. మీ కేసులో వాదన ఏం చేయాలో మీ వకీలు చెప్పాలి. కాకపోతే ఏ కాగితం ఎప్పుడు పడాలి, పడకపోతే ఏమవుతుంది అనేది కౌంటర్ వెనక కూర్చున్నవాడికి బాగా తెలుస్తుంది.

ముందు జవాబు: సమన్లలో రాసిన తేదీకి మీ ఇద్దరి తరఫున ఒక వకీలు వకాలత్, అంటే మీ తరఫున హాజరయ్యే అధికారం ఇచ్చే కాగితం వేయాలి. ఐఏ (దావా మధ్యలో వేసే పిటిషన్) ఉంటే దానికి కౌంటర్, అంటే ఆ పిటిషన్‌కు మీ జవాబు ముందు పడాలి. సమన్లు అందిన 30 రోజుల్లో రిటెన్ స్టేట్‌మెంట్, అంటే దావాకు మీ రాతపూర్వక జవాబు పడాలి. పోలీసులు రారు, అరెస్టు, బెయిలు ఉండవు. ఇది సివిల్ దావా, నేరం కేసు కాదు. ఉద్యోగాల ఫారాల్లో అడిగే క్రిమినల్ కేసుల లెక్కలోకి ఇది రాదు. ఆ టెన్షన్ పక్కన పెట్టండి.

ఇక తలుపుకు అంటించిన సంగతి. కాగితం తీసుకోకపోతే కేసు మనకు అంటదని మన పల్లెల్లో గట్టి నమ్మకం. నాజర్ సెక్షన్లో ఉన్నప్పుడు ఇది వారం వారం చూసేవాణ్ణి. కోర్టు అమీనా, అంటే సమన్లు తెచ్చే మనిషి వస్తున్నాడని తెలియగానే ఇంటికి తాళం వేసి పక్కింట్లో కూర్చునేవాళ్లు. చట్టం దీన్ని ముందే ఊహించింది. తీసుకోనంటే ఇంటి తలుపుకో, అందరికీ కనపడే చోటో ఒక ప్రతి అంటించి, ఎప్పుడు ఎట్లా అంటించిందీ, ఇల్లు ఎవరు చూపించిందీ, ఎవరి ఎదుట అంటించిందీ రాసి కోర్టుకు రిపోర్టు ఇస్తాడు. జడ్జి అది చూసి సరిపోయిందనుకుంటే సమన్లు అందినట్టే. పోస్టులో వచ్చిన సమన్లను 'తీసుకోలేదు' అని వెనక్కి పంపినా అంతే. కొన్నిసార్లు పేపర్లో ప్రకటన కూడా వేయిస్తారు. కాబట్టి అమ్మ తీసుకోలేదు కదా అని ధైర్యంగా ఉండొద్దు. ఆ తలుపు మీద ఉన్న కాగితాన్ని జాగ్రత్తగా తీయించి ఫోటో పంపించమనండి. దావా ప్రతి దాంతో పాటు లేకపోతే వకాలత్ వేసిన రోజే మీ వకీలు అడిగి తీసుకుంటారు.

మూడు వాయిదాల మాట ఎక్కడ పుట్టిందో నాకు తెలియదు గానీ, అలాంటి లెక్క ఏదీ లేదు. సమన్లు సరిగ్గా అందాయని తేలి, ఆ తేదీన మీ తరఫున ఎవరూ పలకకపోతే ఆ ఒక్క రోజే మిమ్మల్ని ఎక్స్‌పార్టీ చేయొచ్చు. అంటే మీరు లేకుండానే కేసు నడుస్తుంది, అవతలి వాళ్ల సాక్ష్యం విని తీర్పు ఇస్తారు. డిక్రీ (తీర్పును బట్టి కోర్టు ఇచ్చే ఆజ్ఞ) రాకముందే మేలుకుంటే, రాలేకపోవడానికి తగిన కారణం చూపి ఎక్స్‌పార్టీ ఆర్డర్ తీసేయమని పిటిషన్ వేసుకోవచ్చు. డిక్రీ అయిపోయాక అయితే 30 రోజుల గడువు. దాటితే ఆలస్యాన్ని క్షమించమని ఇంకో పిటిషన్, ప్రతి రోజుకూ సంజాయిషీ. ఒక కుటుంబం సమన్లు తీసుకోక, వాయిదాకూ రాక, అమలు పిటిషన్ మీద అమీనా పొలంలోకి వచ్చాక కోర్టుకు పరుగెత్తింది. అసలు వివాదం చిన్నది, ఒక గట్టు సంగతి. ఆ ఎక్స్‌పార్టీ డిక్రీని తీయించుకోవడానికి పట్టిన కాలంలో అసలు కేసే తేలిపోయేది.

మీ కాగితాల మీద ఉన్న మాటలు చూద్దాం. ఓఎస్ అంటే ఒరిజినల్ సూట్, దావా నంబరు, పక్కన సంవత్సరం ఉంటుంది. వేసినవాడు వాది, అంటే మీ పెద్దనాయన కొడుకు. మీరు, మీ అమ్మ ప్రతివాదులు. అతను దాఖలు చేసిన అసలు కాగితం ప్లెయింట్. ఐఏ అంటే దావా నడుస్తుండగా మధ్యలో ఫలానా ఆర్డర్ ఇవ్వండని అడిగే పిటిషన్. దావా తేలేలోపు తోట అమ్మకుండా ఆపండి అని అడిగి ఉంటాడు. అది ఇంజంక్షన్ పిటిషన్, మన ఊళ్లలో 'స్టే' అనేది దీన్నే. ఇవి కాక సీఎన్ఆర్ నంబరు అని 16 అక్షరాలు, అంకెల నంబరు ఒకటి ఉంటుంది. ఈకోర్ట్స్ యాప్‌లో అది కొడితే మీ కేసు ఏ కోర్టులో ఉంది, తర్వాతి వాయిదా ఎప్పుడు, ఈ రోజు ఏం జరిగింది అన్నీ బెంగళూరు నుంచే చూసుకోవచ్చు. వకీలుకు ఫోన్ చేసి విసిగించే ముందు ఆ యాప్ చూడండి, ఇద్దరికీ మంచిది.

కేసును బెంగళూరుకు మార్పించుకోవచ్చా అని కూడా అడిగారు. భూమి ఎక్కడుంటే దావా అక్కడి కోర్టులోనే. కానీ ప్రతి వాయిదాకూ మీరు రానవసరం లేదు, వకీలు హాజరైతే చాలు. మీరు, మీ అమ్మ స్వయంగా రావాల్సింది సాక్ష్యం చెప్పే దశలో. అమ్మ మీకు జీపీఏ (తన తరఫున పనులు చేసే అధికార పత్రం) రాసిచ్చి, ఆమె బదులు మీరే సాక్ష్యం చెప్పేద్దాం అనుకోవద్దు. ఆమెకు స్వయంగా తెలిసిన విషయాలు ఆమే చెప్పాలి, ఏజెంటు చెబితే చెల్లదని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. నడవలేని స్థితిలో ఉంటే అడ్వొకేట్ కమిషనర్‌ను, అంటే కోర్టు నియమించే వకీలును ఇంటికి పంపి సాక్ష్యం నమోదు చేయించమని అడగొచ్చు.

ఐఏ సంగతి ముందు చూడండి. ఆ కాగితంలో వచ్చింది నోటీసా, లేక ఆర్డరా అన్నది అన్నిటికన్నా ముఖ్యం. నోటీసు అయితే, ఎందుకు ఇంజంక్షన్ ఇవ్వకూడదో చెప్పుకోమని మిమ్మల్ని పిలిచారు. ఆర్డర్ అయితే, మీ మాట వినకముందే తాత్కాలికంగా ఆపారు. అలాంటప్పుడు దాన్ని తప్పక పాటించాలి. తప్పుడు ఆర్డర్ అని మీకు అనిపించినా సరే, కోర్టులో కౌంటర్ వేసి తీయించుకోవాలి గానీ మీరే తీసేసుకోకూడదు. పైన అరెస్టు ఉండదన్నాను గదా, దానికి ముఖ్యమైన మినహాయింపు ఇది. ఇంజంక్షన్ ఆర్డర్ తెలిసీ ఉల్లంఘిస్తే ఆస్తి జప్తు చేయొచ్చు, 3 నెలల దాకా సివిల్ జైలుకూ పంపొచ్చు. 'ఈలోగా ఎవరికైనా రిజిస్ట్రేషన్ చేసేయండి' అని సలహా ఇచ్చే పెద్దమనుషులు ఊరికొకరు ఉంటారు. ఆర్డర్ లేకపోయినా ఆ పని చేయొద్దు. దావా నడుస్తుండగా కొన్నవాడికి కూడా ఆ దావా తీర్పు వర్తిస్తుంది. కొన్నవాడూ మునుగుతాడు, తర్వాత మీ మీద ఇంకో కేసు పెడతాడు.

ఇంజంక్షన్ ఇవ్వాలా వద్దా అనేదానికి జడ్జి మూడు చూస్తారు: పైపైన చూస్తే అతని వాదనలో పస ఉందా, ఇస్తే ఎవరికి ఎక్కువ ఇబ్బంది, ఇవ్వకపోతే డబ్బుతో పూడ్చలేని నష్టం జరుగుతుందా. ఈ దశలో సాక్షులు ఉండరు, అఫిడవిట్లు, కాగితాలే. కాబట్టి 1998 సేల్ డీడ్, ఈసీ (రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే లావాదేవీల పత్రం), పాసుపుస్తకం, 1బి, అడంగల్ (రెవెన్యూ భూమి రికార్డులు), తోటకు కరెంటు కనెక్షన్ ఎవరి పేరున ఉంటే ఆ బిల్లులు కౌంటర్‌తో పాటే పెట్టండి. చీనీ కాయ కోసి మండీకి పంపిన పట్టీలు మీ నాయన పేరున ఉంటే అవి కూడా. ఎవరు సాగు చేస్తున్నారో వాటిని మించి చెప్పేవి తక్కువ.

ఇప్పుడు అసలు విషయం. నేను చూసినంతలో సివిల్ కేసులు ఎక్కువగా ఓడిపోయేది సాక్ష్యం దగ్గర కాదు, వాదనల దగ్గర అంతకన్నా కాదు. రిటెన్ స్టేట్‌మెంట్‌లో రాయకపోవడం వల్ల ఓడిపోతారు. దాంట్లో లేని విషయం మీద తర్వాత ఎంత గొప్ప సాక్ష్యం తెచ్చినా కోర్టు పట్టించుకోదు. మా కౌంటర్ దగ్గరికి గడువు ఆఖరి రోజున పేజీన్నర రిటెన్ స్టేట్‌మెంట్లు వచ్చేవి. 'దావాలోని ఆరోపణలన్నీ అబద్ధం, వాది రుజువు చేసుకోవాలి, దావా కొట్టేయాలి' అంతే. పేర్లు మారిస్తే ఏ కేసుకైనా పనికొచ్చేవి. చట్టం ఏమంటుందంటే, దావాలో చెప్పిన ఒక్కో విషయాన్నీ విడిగా, స్పష్టంగా కాదనాలి. కాదననిది, డొంకతిరుగుడుగా కాదన్నది ఒప్పుకున్నట్టు లెక్క.

మీ కేసుకు దీన్ని అన్వయిస్తే, దావా ప్రతి చదవకుండానే నేను ఊహించగలను. పంపకాల దావాల్లో వాడే మాట ఒకటే: 'తోట మా నాయన తమ్ముడి పేరున ఉన్నా, ఉమ్మడి కుటుంబ రాబడితో కొన్నది, కాబట్టి అందరిదీ.' కుటుంబం ఉమ్మడిగా ఉన్నంత మాత్రాన ఒకరి పేరున ఉన్న ఆస్తి ఉమ్మడిది అయిపోదు. ఉమ్మడి ఆస్తి ఉండేదని, దాని రాబడి ఇంకో ఆస్తి కొనేంత ఉండేదని ముందు వాది చూపించాలి. అది చూపిస్తే మాత్రం, మీ నాయన సొంత డబ్బుతో కొన్నాడని రుజువు చేసుకునే భారం మీ వైపుకు వస్తుంది. అందుకని 'మా నాయన స్వార్జితం' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే చాలదు. ఫ్యాక్టరీలో ఏ ఏడు నుంచి పనిచేశాడు, జీతం ఎంత, అప్పు ఎక్కడ తెచ్చాడు, అమ్మ నగలు కుదువపెట్టిందా, బోరు ఎవరు వేయించారు, మొక్కలు ఎప్పుడు పెట్టారు, ఇవన్నీ రాయాలి. ఇవి మీకంటే మీ అమ్మకు బాగా తెలుసు. ఒక ఆదివారం ఊరికి పోయి ఆమెను కూర్చోబెట్టి అడిగి అన్నీ రాసుకోండి. వకీలుకు ఆ నోట్సు ఇవ్వండి. ఫోన్‌లో పది నిమిషాలు చెబితే ఆయన రాసేది కూడా పది నిమిషాల సరుకే అవుతుంది.

మీ జేజినాయన (తాత) ఆస్తిని 1985 ప్రాంతంలో పెద్దమనుషుల ముందు అన్నదమ్ములు పంచుకున్నారని, పారీఖత్తు (పంపకాల) కాగితం ఉందని, కానీ రిజిస్టర్ కాలేదని చివర్లో ఒక వాక్యం రాశారు. అది మీ కేసులో చివర్లో రాయాల్సిన వాక్యం కాదు. 1985లోనే విడిపోయి ఉంటే 1998లో కొన్నది ఉమ్మడి రాబడితో అని చెప్పడం అతనికి కష్టం. రిజిస్టర్ కాలేదని ఆ కాగితాన్ని బీరువాలోనే ఉంచొద్దు. 'ఇంతకుముందే నోటిమాటగా పంచుకున్నాం, గుర్తుకోసం రాసుకుంటున్నాం' అన్నట్టు ఉంటే దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 'ఈ కాగితం ద్వారా పంచుకుంటున్నాం' అని ఉంటే రిజిస్ట్రేషన్ కావాలి. అప్పుడు కూడా స్టాంపు డ్యూటీ, దానికి 10 రెట్ల పెనాల్టీ కట్టి, విడిపోయిన మాట నిజమేనని చూపించడానికి వాడుకునే దారి ఉంది. ఏ రకమో తేల్చేది దాంట్లోని రాతే, కాబట్టి ఒరిజినల్ వకీలుకు చూపించండి. చూపించండి అన్నాను, ఇచ్చేయమనలేదు. ఒరిజినల్ కోర్టులో పడే రోజు దాకా మీ దగ్గరే ఉండాలి, జిరాక్సులు కూడా తీసి ఉంచుకోండి.

కదిరిలో కాపురం ఉన్న మీ అక్కను దావాలో చేర్చలేదని కూడా రాశారు. మీ నాయన వీలునామా రాయకుండా పోతే, ఆయన ఆస్తికి అమ్మ, మీరు, అక్క ముగ్గురూ సమాన వారసులు. పంపకాల దావాలో హక్కుదారులందరూ పార్టీలుగా ఉండాలి. ఒకరు లేకపోయినా దావాలో లోపమే. కానీ ఈ అభ్యంతరం మొదట్లోనే, ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన ప్రశ్నలు) ఖరారు కాకముందే చెప్పాలి, లేకపోతే వదులుకున్నట్టే. చెప్పినంత మాత్రాన కేసు పోదు, అతను పిటిషన్ వేసి ఆమెను చేర్చుకుంటాడు. అయినా చెప్పాలి. ఇంకో సంగతి, అక్కతో ముందే మాట్లాడండి. ఆమెకు తన భాగం సంగతి అవతలి వకీలు నోటి నుంచి తెలిస్తే ఇంట్లో ఇంకో దావా పుడుతుంది. ఇట్లాంటివి బాగానే చూశాను.

దావా ప్రతి చేతికి వచ్చాక షెడ్యూల్ పేజీ, అంటే ఆస్తి వివరాలు రాసిన పేజీ తీయండి. చివర్లో ఉంటుంది, అందరూ వదిలేస్తారు. సర్వే నంబరు, సబ్ డివిజన్ అక్షరం, విస్తీర్ణం, నాలుగు హద్దులు మీ సేల్ డీడ్ పక్కన పెట్టి ఒక్కొక్కటి సరిచూడండి. తూర్పున వంక అని ఉండాల్సింది పడమర అని పడటం, 'ఎ'కు బదులు 'బి' పడటం మామూలే. ఒకసారి మా దగ్గర చెకింగ్‌లో హద్దులన్నీ పక్క రైతు పొలానివే ఉన్నాయి, విస్తీర్ణం మాత్రం వీళ్లది. పాత దావా కాపీ చూసి టైపు చేశారు. అక్కడే పట్టుకుని రిటర్న్ చేశాం. అట్లాంటివి మా కళ్లు కప్పి దావా నంబరు పడిపోయేవీ ఉంటాయి. మీరు చూసి రిటెన్ స్టేట్‌మెంట్‌లో రాయకపోతే డిక్రీ కూడా ఆ తప్పుడు హద్దులతోనే వస్తుంది.

కోర్టు ఫీజు పేరా కూడా చదవండి. పంపకాల దావా వేసేవాళ్లలో చాలామంది 'ఆస్తి మా అందరి ఉమ్మడి స్వాధీనంలో ఉంది' అని రాస్తారు. అట్లా రాస్తే ఫీజు చిన్న స్థిర మొత్తం. నేను స్వాధీనంలో లేను అని ఒప్పుకుంటే అతని భాగం మార్కెట్ విలువ మీద ఫీజు కట్టాలి. మీ పెద్దనాయన కొడుకు ఎన్నడూ ఆ తోటలో అడుగుపెట్టకుండా ఉమ్మడి స్వాధీనం అని రాసి ఉంటే, దాన్ని గట్టిగా కాదనండి. ఫీజు లోటు అభ్యంతరం దానితోనే వస్తుంది, అంతకంటే ముఖ్యంగా స్వాధీనం మీదేనన్న మాట రికార్డులోకి ఎక్కుతుంది.

30 రోజుల గడువు సంగతి: కారణం చూపితే కోర్టు 90 రోజుల దాకా పొడిగించవచ్చు. ఆ తర్వాత కూడా మామూలు సివిల్ దావాల్లో ఖర్చులు వేసి అనుమతించిన సందర్భాలు ఉన్నాయి, కానీ అది జడ్జి దయ, మీ హక్కు కాదు. కాగితాలు కూడా రిటెన్ స్టేట్‌మెంట్‌తోనే పెట్టాలి. తర్వాత తెస్తే కోర్టు అనుమతి కావాలి. విచారణ మొదలయ్యాక 'ఇది రాయడం మరిచాం, సవరిస్తాం' అంటే, ఎంత జాగ్రత్తగా ఉన్నా ముందు చెప్పలేకపోయామని చూపితే తప్ప ఒప్పుకోరు.

ఆ తర్వాతి దశల గురించి ఇప్పుడే బుర్ర పాడు చేసుకోవద్దు. ఇష్యూలు, చీఫ్ అఫిడవిట్, క్రాస్, వాదనలు, తీర్పు. వాది గెలిస్తే భాగాలు తేల్చే ప్రాథమిక డిక్రీ, ఆ తర్వాత కమిషనర్, సర్వేయర్ వచ్చి కొలిచి తుది డిక్రీ. ఏళ్లు పడుతుంది, అది దాచిపెట్టి లాభం లేదు.

రాజీ మాట వస్తే లోక్ అదాలత్ మంచిదే. అక్కడ కుదిరిన అవార్డు డిక్రీతో సమానం, అప్పీలు లేదు, అవతలివాడు కట్టిన కోర్టు ఫీజు కూడా అతనికి వెనక్కి వస్తుంది. అప్పీలు లేదు కాబట్టే అమ్మ చేత సంతకం పెట్టించే ముందు ప్రతి వాక్యం తెలుగులో చదివి వినిపించండి. రిటెన్ స్టేట్‌మెంట్ వేయకముందే రాజీకి కూర్చోవడం నాకు ఇష్టం ఉండదు. మీ జవాబు రికార్డులో ఉన్నాక మాట్లాడితే అతని బేరం వేరుగా ఉంటుంది.

వకీలు ఫీజు భారమైతే, మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. అమ్మ పేరున మండల లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకోవచ్చు, 15100కు ఫోన్ చేసినా చెబుతారు. సొంతంగా పెట్టుకునేటట్టయితే తాడిపత్రి కోర్టులోనే రోజూ పలికే వకీలును చూసుకోండి. అనంతపురం నుంచి పెద్ద పేరున్న ఆయన్ను పెట్టుకుంటే సగం వాయిదాలకు జూనియరే వస్తాడు.

ఇది చదువుతున్న మిగతావాళ్లకు ఒక మాట. దావా ఇంకా పడలేదు, లాయరు నోటీసు మాత్రమే వచ్చింది అంటే, మీరు ముందే కోర్టులో కేవియట్ వేసుకోవచ్చు. అప్పుడు మీకు చెప్పకుండా ఇంజంక్షన్ ఆర్డర్ ఇవ్వరు. 90 రోజులు పనిచేస్తుంది, అయిపోతే మళ్లీ వేసుకోవాలి. అడిగినాయనకు ఈ దావాలో ఆ అవకాశం దాటిపోయింది.

తలుపు మీది కాగితం ఫోటో వచ్చాక రెండు సంగతులు చూసి ఇక్కడే రాయండి: ఐఏ కాగితం మీద ఉన్నది నోటీసా ఆర్డరా, హాజరు కావాల్సిన తేదీ ఏది. ఆ తేదీ ఇప్పటికే దాటిపోయి ఉంటే నా జవాబుకోసం ఆగొద్దు, రేపు పొద్దున్నే వకీలు దగ్గరికి పొండి.